కైజర్ బాక్స్ వదులుకున్న నాటకం

ఒరేయ్ సూరీ,

ఉత్తరం లేదని తిట్టుకుంటున్నావని తెలుసు, ఏం చెయ్యమంటావ్, ఈ పీహెచ్‌డీ నన్ను తీస్కెళ్లి 1890ల బెర్లిన్‌లో పడేసింది. సామ్రాజ్యం నాటి జర్మన్ సాహిత్యం, జాతీయ సంస్కృతి అని గొప్పగా టాపిక్ పెట్టుకున్నానా, మొదట్లో అన్నీ స్మారకాలే తగిలాయి, 1875లో రోమన్లని ఓడించిన పాత వీరుడు హెర్మన్ విగ్రహం, 1896లో కిఫ్‌హాయిజర్ కొండమీద ఇంకోటి, నిజంగా బోర్ కొట్టేసిందిరా. తర్వాత గెర్హార్ట్ హాప్ట్‌మన్ నాటకం 'నేతగాళ్లు' చేతికొచ్చింది, ఇక వదల్లేదు.

1844లో అప్పటి ప్రష్యా రాజ్యంలోని సైలీషియాలో నేతగాళ్లు తిరగబడ్డ కథ అది. బట్ట నేసి తీస్కెళ్తే షావుకారు మనిషి ఏదో ఒక వంక పెట్టి కూలి కోసేస్తుంటాడు, ఆకలికి ఆగలేక జనం షావుకారు ఇంటిమీద పడతారు, సైన్యం దిగి కాలుస్తుంది. హీరో అంటూ ఎవడూ లేడు, ఊరు ఊరంతా హీరోనే. నాకెందుకొచ్చిన గొడవ అని మగ్గం దగ్గరే కూర్చున్న ముసలాయన చివర్లో తూటా తగిలి పోతాడు. హాప్ట్‌మన్ తాత కూడా కుర్రతనంలో మగ్గం నేసినవాడేనట, ఆ కథలు నాన్న చెప్పాడని నాటకాన్ని నాన్నకే అంకితమిచ్చాడు.

1892లో బెర్లిన్ పోలీసులు బ్యాన్ చేశారు. కేసు కోర్టుకెళ్తే 1893లో బ్యాన్ ఎత్తేశారు, కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు: నాటకం ఆడాలనుకున్న డాయిచెస్ థియేటర్లో టికెట్లు ఖరీదు, చౌక సీట్లు కొన్నే, గొడవచేసే రకం జనం అక్కడికి పెద్దగా రారు కాబట్టి పర్లేదట! అంటే పేదోడి కథ పేదోడు చూడనంతకాలం ఓకే అన్నమాట. కానీ కార్మికులకి అప్పటికే సొంత నాటక సంఘముంది, 1890లో పెట్టుకున్న ఫ్రైయె ఫోల్క్స్‌బ్యూనె. సభ్యులకి మాత్రమే షో కాబట్టి సెన్సార్ గోల ఉండదు, అందరికీ ఒకే రేటు, సీటు లాటరీలో తీస్తారు, ఎంత బావుందో చూడు! వాళ్లు 1893లోనే ఆడేశారు.

1894లో ఆ డాయిచెస్ థియేటర్లోనే బహిరంగంగా ఆడేసరికి కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, రెండో విల్హెల్మ్‌కి ఒళ్లు మండి అక్కడ తనకోసం ఉంచిన ప్రత్యేక సీట్ల గది, అదే బాక్స్, వదిలేసుకున్నాడు. 1896లో నాటకాలకిచ్చే షిల్లర్ ప్రైజ్ హాప్ట్‌మన్‌కివ్వమని కమిటీ చెప్తే అదీ అడ్డుకున్నాడు. 1912లో ఆ హాప్ట్‌మన్‌కే నోబెల్! నా థీసిస్ ఇప్పుడు స్మారకాలొదిలేసి టికెట్ కౌంటర్ చుట్టూ తిరుగుతోంది, గైడ్ ఏమంటారో చూడాలి.

అన్నట్టు, మీ తాతగారిని ఒకటడిగి చెప్పరా, ఆయన నేసే రోజుల్లో కూలి కొయ్యడానికి షావుకార్లు ఏం వంకలు పెట్టేవాళ్లు? కూలి కోసే సీనున్న మొదటి అంకం మీద రాస్తున్నా, తొందరగా కావాలి.

నీ
రవి