ఎఫ్‌ఎంబీ లెక్క విప్పి మా ఇళ్ళు నిలబెట్టిన పిల్లలకు కృతజ్ఞతలు

కాలువగట్టు మీది మూడిళ్ళ తరఫున మా హైస్కూలు పదో తరగతి పిల్లలకు, లెక్కల మాస్టారికి, దగ్గరుండి నేర్పించిన రిటైర్డ్ సర్వేయరు గారికి వేవేల నమస్కారాలు. కాలువ పోరంబోకును 17 అడుగులు ఆక్రమించామన్న నోటీసు రద్దయింది. చిక్కుముడి ఎలా వీడిందో చెబితే ఇంకెవరికైనా అక్కరకొస్తుంది.

పాత ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, సర్వే కొలతల పుస్తకం) పటంలో పోరంబోకు వెడల్పు దగ్గర ఒట్టి ‘50’ అని ఉంది. అడుగులనుకుని టేపు పడితే వంటిళ్ళ మధ్యలోకి వచ్చింది. పిల్లలు వాదన జోలికి పోలేదు. పటంలో ‘200’ అని రాసున్న రెండు సర్వే రాళ్ళ మధ్య దూరాన్ని నేల మీద కొలిచారు. 132 అడుగులు. 132ని 200తో భాగిస్తే 0.66. అంటే అవి భూమి కొలిచే గుంటర్ గొలుసు లింకులు: గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. క్రికెట్ పిచ్ పొడవు కూడా సరిగ్గా ఒక గొలుసే, ఇక వాళ్ళకి వేరే చెప్పాలా! 50 లింకులంటే 33 అడుగులే. నోటీసులోని 17 అక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందే.

రాయి ఎవరైనా కదిపి ఉంటే ఇదంతా తప్పుతుంది. అందుకే మూడో రాయికీ కొలిచి సరిచూశారు. తర్వాత మా స్థలం విస్తీర్ణం. 200 లింకుల గీత మీద 50 దగ్గర 40, 150 దగ్గర 60 లింకుల ఆఫ్‌సెట్లు, అంటే గీత నుంచి హద్దుకు లంబంగా ఉన్న దూరాలు. చివరి త్రిభుజాలు 1,000, 1,500. నడుమ ట్రెపీజియం 5,000. వెరసి 7,500 చదరపు లింకులు. వెయ్యితో భాగిస్తే నేరుగా సెంట్లే: ఏడున్నర, అంటే 363 గజాలు. రికార్డులో ఉన్నదీ అంతే.

ఆఫ్‌సెట్ గీతకు లంబంగా లేకపోతే హద్దు పక్కకి జరుగుతుంది. 9, 12, 15 అడుగుల భుజాలతో తాడు త్రిభుజం వేసి మూల మట్టం చూసుకున్నారు. నైలాన్ తాడు లాగితే సాగుతుంది కాబట్టి పొడవులు మాత్రం స్టీలు టేపుతోనే. జిరాక్సు మీద స్కేలు పెట్టి కొలవడం శుద్ధ దండగ, కాపీ తీసేటప్పుడే పటం కుదించుకుపోవచ్చు. రాసిన అంకెలే ప్రమాణం. తెలంగాణలో వాడే సర్వే పటం టిప్పన్‌లో గొలుసు 33 అడుగులు, అందులో 16 అణాలు, కాబట్టి అక్కడ ఈ 0.66 పనిచేయదు.

పిల్లల కొలత ఆఫీసులో చెల్లదు. ఆ లెక్క జతచేసి సర్వేకి అర్జీ పెట్టాం. ప్రభుత్వ సర్వేయరు గారు ఇరుగుపొరుగుకు నోటీసులిచ్చి, అందరి ఎదుటా కొలిచి అదే 33 తేల్చారు. ఎండలో టేపు పట్టిన ఆయనకూ, హద్దు చూసుకోవడానికి దడి విప్పనిచ్చిన పక్కింటి పెద్దమ్మ గారికీ రుణపడి ఉన్నాం.

లెక్కల కాగితాలు బడిలోనే ఉన్నాయి. ఇలాంటి నోటీసు వచ్చినవాళ్ళు ఎఫ్‌ఎంబీ సర్టిఫైడ్ కాపీ తీసుకుని వెళ్ళండి. జిరాక్సు పట్టుకెళ్తే మాస్టారు గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు.