ఐసీయూలో అయిదు నిమిషాలు చాలు

సంపాదకుడు గారికి,

రెండు నెలల క్రితం మా అమ్మను వశిష్ఠ గోదావరి అవతల ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పెట్టారు. ఫోన్ చేయగానే మా విచారణ (చర్చి పరిధి) ఫాదర్ గారు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వచ్చేశారు. లోపలికి మాత్రం పంపలేదు. ‘అద్దంలోంచి చూసి ప్రార్థన చేసుకోండి’ అన్నారు. ఆయన సాయంత్రం దాకా వరండాలోనే నిలబడి వెనక్కి వెళ్ళిపోయారు. తెల్లవారుజామున అమ్మ పోయింది.

ప్రార్థన బయటినుంచి చేసుకోవచ్చు. మా కతోలికుల్లో జబ్బుపడ్డవాళ్ళకు నూనె రాసి ఇచ్చే సంస్కారం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అలా కుదరదు. గురువు, అంటే ఫాదర్ గారు, రోగి నుదుటికి, చేతులకు నూనె రాయాలి. ఇన్‌ఫెక్షన్ భయమంటే, దానికీ శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలోనే దారి ఉంది. అత్యవసరమైతే నుదుటి మీద ఒక్కచోట రాసినా చాలు. బలమైన కారణం ఉంటే వేలితో కాకుండా దూదిపుల్ల లాంటి దానితోనైనా రాయవచ్చు. మాస్కు, గ్లవ్స్ వేయించి పంపితే అయిదు నిమిషాల పని.

తప్పు ఆసుపత్రి వాళ్ళదే అనను. మేమూ మూడు రోజులు ఆగాం, ఫాదర్ గారిని చూస్తే అమ్మ బెంగ పెట్టుకుంటుందని. పాతవాళ్ళు దీన్ని అవస్థాభ్యంగనం అనేవారు. ఆ మాట వింటేనే ఇక ఆశ లేదనుకుంటాం. కానీ ఇది చావు ఘడియకు మాత్రమే కాదని కతోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. పెద్ద ఆపరేషన్‌కు ముందు తీసుకోవచ్చు, కోలుకుని మళ్ళీ జబ్బు చేస్తే మళ్ళీ తీసుకోవచ్చు. ఆలివ్ నూనె దొరకనిచోట మరే చెట్టు నూనైనా పనికొస్తుందని 1972లో ఆరవ పౌలు పోపు గారు అనుమతిచ్చారు. మన కొబ్బరి నూనైనా సరే, దాన్ని ఆశీర్వదించి ఉండాలి, అంతే.

నిజానికి అమ్మకు ఆ భయమే లేదు. నాలుగేళ్ళ క్రితం గర్భసంచి ఆపరేషన్‌కు ముందు ఇదే అభ్యంగనం తీసుకుంది. అరచేతుల్లో నూనె ఎవరినీ తుడవనివ్వలేదు. స్ట్రెచర్ మీద పిడికిళ్ళు బిగించుకునే థియేటర్‌లోకి వెళ్ళింది. వారానికల్లా ఇంటికొచ్చి పొయ్యి ముట్టించింది.

జిల్లా వైద్యాధికారులకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు నా మనవి ఒక్కటే. రోగి గానీ ఇంటివాళ్ళు గానీ కోరితే ఫాదర్ గారినైనా, పంతులు గారినైనా, ఇమాం గారినైనా తగిన జాగ్రత్తలతో అయిదు నిమిషాలు లోపలికి పంపాలి. ఆ మాట ఐసీయూ తలుపు మీద రాసి పెట్టాలి. డ్యూటీలో ఉన్నవాళ్ళ దయ మీద వదిలెయ్యకూడదు.

వచ్చే నెల నాన్నకు గుండె ఆపరేషన్. ఈసారి ఫాదర్ గారికి ముందే చెప్పాం. ఆసుపత్రి వాళ్ళను కూడా అడిగాం. చూసి చెబుతామన్నారు.

– ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి మండలం, కోనసీమ