ఆ గొంతు నాది కాదు, అమ్మలూ

విజయవాడ,
17 ఆగస్టు 2025

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన సినిమా ముక్క చూశాను. 42 సెకన్లు. మీ అమ్మ ఫోను లాక్కుని నాలుగుసార్లు చూసి, "అప్పుడు జుట్టు ఎంత ఉండేదో" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్లిపోయింది. "ఇందులో నువ్వున్నావని ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని కింద రాశావు చూడు, అది పట్టుకుంది నన్ను. ఫోన్లో చెబుదామంటే నీకు మీటింగులు, నాకు చెవుడు. అందుకే కాగితం తీశాను.

ఆ డాక్టర్ని నేనే. తెల్లకోటు సినిమావాళ్లది, స్టెతస్కోపు మన వీధి చివరి ఆర్.ఎం.పి. గారిది, అడిగి తెచ్చుకున్నాను. గొంతు మాత్రం నాది కాదు.

1987 ఎండాకాలం. భవానీపురం వైపు ఒక డాబా ఇంట్లో షూటింగ్. హీరోయిన్ తండ్రికి గుండెనొప్పి వస్తుంది, డాక్టరొచ్చి నాడి చూసి రెండు ముక్కలు చెప్పి వెళ్లాలి. పొద్దున 7కి రమ్మన్నారు, నా వంతు వచ్చేసరికి సాయంత్రం 4. ఈలోపు ఆ రెండు ముక్కలూ ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగానూ గొణుక్కుంటూ కూర్చున్నాను. తీరా నోరు తెరిచేసరికి డైరెక్టరు నవ్వేశాడు. "మాస్టారూ, చివరి వరసవాడికి వినిపించక్కర్లేదు. కెమెరా ఇక్కడే ఉంది" అన్నాడు. రెండో టేకులో గొంతు తగ్గింది, చేతులు తగ్గలేదు. మూడోసారి చేతులు తీసుకెళ్లి కోటు జేబులో పెట్టేసుకున్నాను. ఓకే అన్నారు. నువ్వు చూసింది అదే. జేబులో చేతులు పెట్టుకున్న డాక్టరు స్టైలుగా ఉన్నాడని రాశావు. స్టైలూ లేదు, పాడూ లేదు, భయం.

300 ఇస్తామని 150 చేతిలో పెట్టారు. మిగతాది మద్రాసులో డబ్బింగు అయ్యాక ఇస్తాం, కబురు చేస్తాం అన్నారు. ఆఫీసులో సెలవు కూడా చెప్పి ఉంచుకున్నాను. కబురు రాలేదు.

సినిమా రాగానే మొదటి ఆదివారం గాంధీనగర్‌లో మ్యాట్నీకి వెళ్లాం. మీ అమ్మ, నేను, పై వాటావాళ్లు, మా నాటకాల వాళ్లిద్దరు. నువ్వు రెండేళ్ల పిల్లవి, అమ్మ ఒళ్లో నిద్రపోతున్నావు. నా సీను వచ్చింది. తెర మీద నోరు నాదే కదులుతోంది, అందులోంచి ముక్కుతో మాట్లాడే ఎవరిదో గొంతు వస్తోంది. మా వాళ్లు ఎవరూ నా వైపు చూడలేదు, అది ఇంకా బాధ. మీ అమ్మ ఊరుకుందా! పక్క సీట్లో ఉన్న ముక్కూ మొహం తెలియని ఆయన వైపు తిరిగి, "ఈయన గొంతు ఇది కాదండీ. అసలుది చాలా బాగుంటుంది" అని చెప్పింది. ఆయన తెర వంకా నా వంకా చూసి, "అవునాండీ" అని మళ్లీ బఠాణీలు నమలడంలో పడ్డాడు.

తర్వాత ఇంకో 13 సినిమాల్లో కనబడ్డాను. మొత్తం లెక్క తీస్తే డాక్టర్లు 5, జడ్జీలు 2, పెళ్లి పంతులు 1, మిగతా అంతా రచ్చబండ మీద తల ఊపే పెద్దమనుషులు. తల ఊపేవాడికి డబ్బింగు గొడవ లేదు కదా, అవే హాయిగా ఉండేవి.

ఒక గొంతు కోసం ఇంత బాధా అనుకోకు. నాకు దేవుడిచ్చిన ఆస్తి అదొక్కటే. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకాలు ఆడేవాళ్లు. హరిశ్చంద్ర కాటి సీనులో వన్స్‌మోర్ల దెబ్బకి చచ్చి పడున్న లోహితాస్యుడు లేచి దోమలు కొట్టుకుని మళ్లీ చచ్చేవాడు. నాకు పద్యం రాదు. రాగం తీస్తే గొడ్లచావిట్లో గేదె తలెత్తి చూసేది. కానీ మీసం సరిగ్గా మొలవకముందే గొంతు ముదిరింది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ నాటకంలో 60 ఏళ్ల తండ్రి వేషం నాకిచ్చారు. నాకు కొడుకుగా వేసినవాడు నాకంటే సీనియరు. తలకి తెల్ల పౌడరు, కళ్ల కింద నల్ల గీత, చేతిలో కర్ర. అప్పటినుంచి నేను ముసలివాణ్ణే. ఇప్పుడు పౌడరు అక్కర్లేకుండా కూడా అయ్యాను.

అందుకే నాకు గుమ్మడి గారంటే ఒక రకమైన భక్తి. మన తెనాలి పక్క రావికంపాడు ఆయనది. 1927లో పుట్టాడు. 1955లో వచ్చిన 'అర్ధాంగి'లో అక్కినేనికీ జగ్గయ్యకీ తండ్రిగా వేశాడు. అక్కినేని ఆయనకంటే దాదాపు మూడేళ్లు పెద్ద! 28 ఏళ్లు నిండనివాడు తనకంటే పెద్దవాడిని "ఒరేయ్ బాబూ" అనాలి, జనం నమ్మాలి. పౌడరు ఎవడైనా కొడతాడు. ఆయన సినిమాలు మళ్లీ మళ్లీ చూసి నేను పట్టుకున్నదల్లా ఒక్కటే. వయసు మీద పడ్డ మనిషికి మాట మొదట్లో ఉన్న బలం చివర్లో ఉండదు. చివరి అక్షరాల దగ్గర ఊపిరి కొంచెం జారవిడవాలి. అది వస్తే కర్ర కూడా అక్కర్లేదు.

జగ్గయ్యదీ ఆ చుట్టుపక్కలే, మోరంపూడి. ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివినాయన. శివాజీ గణేశన్ సినిమాలు తెలుగులోకి వస్తే ఆ గొంతు జగ్గయ్యదే. ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు అతకడం కొత్తేమీ కాదన్నమాట. కాకపోతే అక్కడ రెండు వైపులా మహానుభావులు. నా డాక్టరు విషయంలో రెండు వైపులా ఎవరికీ తెలియనివాళ్లం.

1974లో ఉద్యోగం వచ్చి బెజవాడ చేరాను. సాయంత్రాలు హనుమంతరాయ గ్రంథాలయం, రిహార్సళ్లు, టీలు. ఆపైన పరిషత్తులు, అంటే నాటక పోటీలు. నీకు గుర్తుండే ఉంటుంది, పొద్దున్నే నువ్వు లేచేసరికి నేను బస్సు దిగి వచ్చేవాణ్ణి. పల్లెటూళ్లలో మొదటి నాటిక రాత్రి 9కి మొదలైతే మా వంతు ఒంటిగంటకి వచ్చేది. ముందు వరసలో పిల్లలు పడి నిద్ర, వెనక చలికి దుప్పట్లు కప్పుకున్న జనం. నాటిక అయ్యాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని తెల్లారుజామున బస్సెక్కితే, ఒక్కోసారి సరిగ్గా ఆఫీసు టైముకి దిగేవాణ్ణి. చెవుల వెనక పౌడరు మిగిలిపోయేది. మా ఆఫీసరు చూసి, "రాత్రి ఎవరికి తండ్రివయ్యా?" అనేవాడు.

ఒక నాటికలో నాది మాటలు తక్కువ ఉన్న తండ్రి వేషం. కొడుకు మూడు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడతాడు, నేను అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ కూర్చోవాలి. రిహార్సల్లో అదేదో చేతికి పని అనుకున్నాను. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఆడిన రోజు, కొడుకు "ఇల్లు అమ్మేద్దాం నాన్నా" అన్నప్పుడు నా చేయి దానంతటదే ఆగిపోయింది. అప్పటిదాకా టక్కు టక్కుమంటున్న శబ్దం ఆగేసరికి హాలంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయింది. నేను తల ఎత్తలేదు. కాసేపాగి ఇంకో వక్క తీసుకున్నాను, అంతే. 'ఉత్తమ క్యారెక్టర్ నటుడు' షీల్డు ఆ వక్కకే ఇచ్చారని మా వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. షీల్డులన్నీ అటక మీదున్నాయి, ఒకటి మాత్రం పెరటి తలుపుకి అడ్డంగా పెడుతోంది మీ అమ్మ. గాలికి కొట్టుకోకుండా బాగానే ఆపుతోంది.

నీ ఒకటో తరగతి వార్షికోత్సవం నాడు నేను లేను. గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటకం ఉంది. నువ్వు సీతాకోకచిలుక వేషం వేశావట. ఆ లెక్క మీ అమ్మ ఇంకా కొట్టెయ్యలేదు, నేనూ కొట్టెయ్యమని అడగలేదు.

గొంతుకి అసలు గౌరవం దొరికింది రేడియోలో. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో నటుడు నండూరి సుబ్బారావు గారి గొంతు వింటూ పెరిగినవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం 3కి నాటకం వస్తుంటే వీధి వీధంతా ఒకే నాటకం వినబడేది. 1979లో ఆడిషన్‌కి పున్నమ్మతోటలో రేడియో స్టేషన్ మెట్లెక్కుతుంటే కాళ్లు వణికాయి. బి గ్రేడు ఇచ్చారు. అక్కడ ముఖంతో పనిలేదు. దూరం నుంచి వస్తున్నట్టు ఉండాలంటే నిజంగానే నాలుగడుగుల వెనక నుంచి మాట్లాడుతూ మైకు దగ్గరికి నడిచి రావాలి. అరవాలంటే వెనక్కి జరగాలి, రహస్యమైతే మైకు మీద వాలాలి. స్క్రిప్టు కాగితం తిప్పిన చప్పుడు వినపడితే మళ్లీ మొదటికి. సినిమాలో నా ముఖం ఉంచి గొంతు తీసేశారు, రేడియోలో ముఖం తీసేసి గొంతు ఉంచారు. నన్నడిగితే రెండో బేరమే మంచిది.

సినిమాల్లోకే పూర్తిగా వెళ్లిపోవాల్సింది అని మీ ఆయన ఒకసారి అన్నాడు. అతనిది మంచి మనసు. మొన్న జులై 13న కోట శ్రీనివాసరావు పోయినప్పుడు టీవీ ముందు కూర్చుని అదే ఆలోచించాను. మన పక్క కంకిపాడు ఆయనది. స్టేట్ బ్యాంకు ఉద్యోగి. 'ప్రాణం ఖరీదు' ముందు నాటకం. అది చూసిన నిర్మాత సినిమా తీస్తూ నాటకంలోని నటుల్ని కూడా తీసుకున్నాడు, అలా 1978లో ఆయన తెర మీదికొచ్చాడు. వచ్చాక కూడా కొన్నేళ్లు బ్యాంకు వదల్లేదు. కృష్ణా జిల్లా మనిషి 'ప్రతిఘటన'లో తెలంగాణ యాస అందుకుంటే ఈయన ఎక్కడివాడని జనం చెవులు రిక్కించారు. తర్వాత 1999లో మన తూర్పు నియోజకవర్గం ఎమ్మెల్యేగా ఓట్లడగడానికి వచ్చినప్పుడు మన వీధిలో పిల్లలంతా ఆయన మాటల్నే ఆయనకి అప్పజెప్పారు.

గుంటూరులో జయప్రకాశ్ రెడ్డి. లెక్కల మాస్టారు. 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో మొదలుపెట్టి, కొన్నేళ్లు తిరిగి, గడవక మళ్లీ గుంటూరొచ్చి పాఠాలు చెప్పుకున్నాడు. 'ప్రేమించుకుందాం రా' వచ్చింది 1997లో, అప్పటికి ఆయనకి 50 దాటాయి. తన సీమ యాసే ఆయన్ని నిలబెట్టింది. అంత పేరొచ్చాక కూడా 'అలెగ్జాండర్' అని ఏకపాత్ర నాటకం ఊరూరా వేశాడు. స్టేజీ మీద ఒక్కడే, గంటన్నర పైన, ఫోన్లో అవతలివాళ్లతో మాట్లాడుతూ. అవతలి గొంతులు మనకి వినపడవు, కానీ ఈయన ఆగిన తీరు చూస్తే అవతల ఆడమనిషో పిల్లాడో తెలిసిపోయేది. 2020 సెప్టెంబరులో గుంటూరులో పోయాడు. కరోనా రోజులు, కడసారి చూపుకి కూడా వెళ్లలేకపోయాం.

వాళ్లకున్న తెగింపు నాకు లేదు, అది నిజం. ఉద్యోగం వదిలితే నీ స్కూలు ఫీజు ఎలాగన్న టెన్షన్ కూడా నిజమే. కానీ దాన్ని నీ మీద పెట్టి చెప్పడం నాకిష్టం లేదు. నువ్వు పుట్టకముందు కూడా నాకు తెగింపు లేదు.

ఇక అసలు పని. ఈ ఉత్తరంతో పాటు కొరియర్లో ఒక క్యాసెట్ పంపుతున్నాను. 1988 నాటిది, రేడియోలో నా నాటకం వస్తుంటే మీ అమ్మ టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసింది. రీలు చిక్కుపడితే నిన్నంతా కూర్చుని పెన్సిల్‌తో చుట్టాను. హైదరాబాద్‌లో ఇలాంటివి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు ఉంటారట కదా, చూడు. అందులో వినబడేది నా గొంతే, గ్యారంటీ. 35, 36 ఏళ్లవాడు 70 ఏళ్ల పెద్దాయనలా మాట్లాడుతుంటాడు.

ఒక జాగ్రత్త. రెండో వైపు ఖాళీగా ఉందని షాపువాడు వదిలేస్తాడేమో, ఖాళీ కాదు. ఇంట్లో ఒకరోజు ఏడుపు సీను రిహార్సల్ చేస్తూ, ఎలా వస్తోందో విందామని రికార్డు పెట్టాను. సగంలో గూడ్సు రైలు పోతుంది. ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డుంది చూడు, అప్పుడు అక్కడ పట్టాలు. రైలు వెళ్లిపోగానే నువ్వు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, నాన్న ఏడుస్తున్నాడు" అని అరుస్తావు. ఆపైన నీ ఏడుపే, నా డైలాగు ఒక్కటి వినపడదు. మొదటి వైపు పాడైనా ఫర్వాలేదు గానీ ఇది పోకుండా చూడమని వాడికి గట్టిగా చెప్పు.

మీ నాన్న