ఈసారి సేల్‌లో ఎంత పెట్టానో, ఎక్కడ జారానో

పెత్రమాసకు రెండు రోజుల ముందు నా సిల్క్ దారం గాజుల షాపు మూసేసి, నిరుడు దసరా, దీపావళి సేల్‌లో కొన్న సరుకులో ఎంత మిగిలిందో లెక్క తీశాను. సిల్క్ దారం రీళ్లు 61. దారం చుట్టాల్సిన 2.10 సైజు ప్లెయిన్ గాజులు పదకొండు డజన్లు. రాయిలా గట్టిపడిన గమ్ బాటిళ్లు మూడు. గాజుల మీద అంటించే కుందన్ రాళ్లు, నల్లబడ్డవి, ఒక మిఠాయి డబ్బా నిండా. కొన్న ధరకే వేసుకున్నా 11,400 రూపాయలు. మా అత్తమ్మ పక్కనే కూర్చుని తంగేడు పూలు వేరు చేస్తూ, "అగ్గువకు వచ్చిందని తెచ్చినవ్ గదా, గిప్పుడు ఎంత పిరమైందో చూడు" అంది. నేనేమీ మాట్లాడలేదు.

"అక్కా, సేల్‌లో సామాను తక్కువకే వచ్చి ఉంటుంది కదా, గాజుల రేటు ఎందుకు తగ్గించలేదు?" అని నిరుడు మీలో చాలామంది అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. తక్కువకు వచ్చిన మాట నిజమే. కానీ అందులో చాలా భాగం మీ చేతికి రాలేదు, నా బీరువాలోనే ఉండిపోయింది. బీరువాలో ఉన్నదాని ఖర్చు కూడా అమ్ముడుపోయిన గాజుల మీదే పడుతుంది కదా. ఇక రేటు ఎక్కడ తగ్గుతుంది?

ఎలా జరిగిందో చెప్తాను. రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో యాప్ తెరవడం, 499 దాటితే డెలివరీ ఫ్రీ అని చూడటం, నలభై రూపాయల డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి 180 రూపాయల నియాన్ పచ్చ దారం బుట్టలో వేయడం. ఇలా ఆరుసార్లు. హన్మకొండలో నన్ను నియాన్ పచ్చ గాజులు అడిగినవాళ్లు ఏడాది మొత్తానికి ఒక్కరే, అదీ పాప స్కూల్ డ్యాన్స్ కోసం.

2.10 గాజుల కథ వేరే. కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట: గాజుల సైజులో చుక్క తర్వాత ఉన్న అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు, అంటే లోపలి వెడల్పు దాదాపు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే 63.5. 2.10 అంటే 2.1 కాదు, దాదాపు 67 మిల్లీమీటర్లు. నా దగ్గర తీసుకునేవాళ్లలో ఎక్కువమందికి పట్టేది 2.4, 2.6. సేల్‌లో 2.10 మాత్రం డజను మీద ఎనిమిది రూపాయలు తక్కువ పడింది. ఎందుకు తక్కువో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. ఎవరూ కొనడం లేదు కాబట్టే తక్కువ!

దీనికన్నా పెద్ద తప్పు దారంలో చేశాను. నలభై రంగులు, రంగుకు ఒక్కో రీలు తెచ్చుకున్నాను. బీరువా తలుపు తీస్తే ఇంద్రధనస్సులా కనిపించేది, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేదాన్ని. కార్తీకంలో ఒక పెళ్లికూతురికి మెరూన్ గాజులు రెండు డజన్లు చుడుతుంటే పదిహేనో గాజు దగ్గర దారం అయిపోయింది. అదే నంబరు రీలు ఇక్కడే ఇంకో షాపులో తెచ్చి పూర్తి చేశాను. నంబరు ఒకటే అయినా రంగు వేసిన విడత, అంటే లాట్, వేరు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద నాకు తేడా తెలియలేదు. పొద్దున వాళ్లమ్మగారు వాకిట్లో ఎండలో పెట్టి చూస్తే పద్నాలుగు ఒక రంగు, పది ఇంకో రంగు. డబ్బులేమీ తీసుకోకుండా మొత్తం మళ్లీ చుట్టి ఇచ్చాను. ఆ రెండు రాత్రులు ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. నలభై రంగులకు బదులు ఆడే రంగులు పది, రంగుకు నాలుగు రీళ్ల చొప్పున ఒకే లాట్‌లో తెచ్చి ఉంటే ఖర్చు అంతే అయ్యేది, ఈ తిప్పలు ఉండేవి కావు.

అందుకే ఈసారి యాప్ తెరవకముందే ఆర్డర్ల పుస్తకం తెరిచాను. నిరుడు కార్తీకం నుంచి ధనుర్మాసం వచ్చేదాకా నిజంగా వాడిన సామాను 8,700 రూపాయలది. పెళ్లిళ్లు ఉండేది ఆ కొద్ది వారాలే. డిసెంబర్ నడిమికి ధనుర్మాసం వచ్చిందంటే పెళ్లి గాజుల గిరాకీ ఆగిపోతుంది, మళ్లీ మాఘం దాకా అటు చూడక్కర్లేదు. అప్పటికి అమ్ముడుపోని సరుకులో పెట్టిన డబ్బు ఊరికే నిద్రపోతుంది. కాబట్టి 9,000 దాటకూడదు అనుకున్నాను.

ఆగస్టులోనే నేను వాడే సామాను రేట్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. నేను వాడే కుందన్ల ప్యాకెట్ అప్పుడు 240. సేల్ రోజున చూస్తే 480 కొట్టేసి, సగం కన్నా తక్కువ అంటూ 235 అని ఉంది. తగ్గింది ఐదు రూపాయలు. ఆ కాగితం లేకపోతే నాలుగు ప్యాకెట్లు కొనేసి, వెయ్యి మిగిలిందని సంబరపడేదాన్ని.

ఇంట్లో పాత పెళ్లికార్డుల కవర్లు నాలుగు తీసి డబ్బు పంచి పెట్టాను. దారానికి 2,500, ప్లెయిన్ గాజులకు 2,000, కుందన్లకు, బాల్ చైన్‌కు (సన్న పూసల గొలుసు) 3,000, డబ్బాలకు, గమ్‌కు 1,500. ఆధార్ చూపించి ఆడవాళ్ల ఉచిత జీరో టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి, హైదరాబాద్‌లో ఇమ్లీబన్ బస్టాండులో దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా బేగంబజార్ వెళ్లాను. పండుగ ముందు ఆ సందుల్లో నడవడం అంటే మనం నడవక్కర్లేదు, జనమే తోసుకుపోతారు.

దారం షాపులో తెల్ల చేతిరుమాలు తడిపి ప్రతి ముదురు రంగు రీలు మీదా రుద్ది చూశాను. రాణి రంగు రుమాలుకు అంటుకుంది. సేటు, "అది సిల్క్ మేడమ్, అంతే ఉంటది" అన్నాడు. చెమట పట్టిన చేతికి అంటితే మీరు నన్నే కదా తిడతారు, పక్కన పెట్టించాను. గాజులు కూడా డజను డజనూ అద్దం కౌంటర్ మీద బోర్లించి చూశాను. వంకర ఉన్నది అద్దం మీద ఊగుతుంది, అప్పుడే తెలిసిపోతుంది. ఒక డజనులో మూడు ఊగాయి, మార్చి ఇచ్చారు.

నాలుగు కవర్లూ అయిపోయాయి. అక్కడితో బస్సెక్కి ఉంటే ఈ పోస్టు గొప్పలు చెప్పుకోవడానికి పనికొచ్చేది. బయటికి వస్తుంటే పక్క షాపులో నెమలి పెండెంట్లు, ఆకుపచ్చ రాయి, కింద మూడు ముత్యాలు. ప్యాకెట్ 160. ఫోన్‌పే కొట్టి నాలుగు తీసుకున్నాను. 640 రూపాయలు ఎక్కువ. ఏ గాజుకు పెడతానో ఆ నిమిషాన తెలియదు, ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో ఆయనకు ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఇక మీకు సంబంధించిన మాటలు. సంక్రాంతి దాకా రేట్లు పెరగవు, తగ్గవు. ఇప్పుడు నా దగ్గర పదహారు రంగులే ఉన్నాయి. చీరకు మ్యాచింగ్ కావాలంటే ఫోన్‌లో ఫోటో పంపకండి, ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. బ్లౌజ్ ముక్క వేలెడంత చాలు, పట్టుకొచ్చి చూపించండి. లేని రంగు ప్రత్యేకంగా తెప్పించాలంటే సగం అడ్వాన్స్ తీసుకుంటాను. ఇంతకుముందు మొహమాటపడి అడిగేదాన్ని కాదు, ఇక అడుగుతాను. సీమంతానికి, బారసాలకు రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చేవాళ్లు కనీసం పది రోజుల ముందు చెప్పండి, మొత్తం ఒకే లాట్ దారంతో చుట్టి ఇస్తాను.

నిరుటి 61 రీళ్లతో చేసిన గాజులు దీపావళి దాకా మేకింగ్ చార్జీకే ఇస్తున్నాను, దారం డబ్బులు వేయడం లేదు. నియాన్ పచ్చ, లేత ఊదా, ఇటుక రంగు ఎక్కువ. 2.10 సైజు పట్టేవాళ్లు మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ఎవరున్నా ఈ మాట చెప్పండి. నల్లబడ్డ కుందన్లు మాత్రం ఎవరికీ అమ్మను, మా పాప బొమ్మలకు అంటించుకుంటోంది.

నెమళ్లు టేబుల్ మీదే ఉన్నాయి. ఆకుపచ్చ అంచు పట్టుచీర ఉన్నవాళ్లు ముందు నన్ను పలకరించండి.