డెన్మార్క్‌లో వైన్ కిరాణా సరుకే

సంపాదకుడు గారికి,

ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాలన్నిటా వైన్‌ను సర్కారు దుకాణాలే అమ్ముతాయనుకోవడం పొరపాటు. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో అదే పద్ధతి. డెన్మార్క్‌లో మాత్రం సూపర్‌మార్కెట్‌లో పాలు, రొట్టెలతోపాటే బుట్టలో పడుతుంది. (మన ‘వైన్ షాపు’లో వైన్ తప్ప అన్నీ అమ్ముడవడం వేరే సంగతి!) 2025 ఏప్రిల్ దాకా పదహారేళ్లవారికీ అమ్మేవారు. ఇప్పుడు ఆల్కహాల్ 6 శాతం దాటితే 18 నిండాల్సిందే.

అక్కడ సుంకం ధరను బట్టి కాదు, లీటర్లను, ఆల్కహాల్ శాతాన్ని బట్టి పడుతుంది. పైన 25 శాతం వ్యాట్. అంటే చవక సీసాకే దెబ్బ ఎక్కువ. జర్మనీలో మామూలు వైన్‌పై సుంకం సున్నా కాబట్టి జనం కార్లేసుకుని సరిహద్దు దాటుతారు.

3 లీటర్ల అట్టపెట్టె వైన్‌కూ (పెట్టెలో ప్లాస్టిక్ సంచి, దానికో కుళాయి) అక్కడ గిరాకీ ఉంది. కుళాయి తిప్పేకొద్దీ లోపలి సంచి ముడుచుకుంటుంది, గాలి చొరబడదు. అందుకే తెరిచాక నాలుగైదు వారాలు పాడవకుండా ఉంటుంది. అయితే ఆ ప్లాస్టిక్ పొర గుండా ఆక్సిజన్ మెల్లగా పాకుతూనే ఉంటుంది. ఏడాది దాటిన పెట్టెలో తెల్ల వైన్ రంగు ముదిరి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన కొడుతుంది. కొనేముందు నింపిన తేదీ చూడాలి.

అన్నట్టు, చలికి తట్టుకునే సొలారిస్ ద్రాక్షతో డెన్మార్క్ వాళ్లు సొంత వైన్ కూడా తీస్తున్నారు.

– ఓ పాఠకుడు, విశాఖపట్నం