చిచెన్ ఇట్జా ట్రిప్‌లో మూడు మార్పులు: మా కస్టమర్లకు

మెక్సికోలోని కాంకూన్ నుంచి మాతో చిచెన్ ఇట్జా మాయా శిథిలాలు చూసొచ్చినవాళ్ళకీ, రాబోయే నెలలకి బుక్ చేసుకున్నవాళ్ళకీ నమస్కారం.

క్రిస్మస్ సెలవుల వారంలో మా ట్రిప్ చెడిపోయిందన్న మాట డాలస్, హ్యూస్టన్, అట్లాంటా గ్రూపుల్లో ఇప్పటికే తిరుగుతోంది. ఏటా అమ్మానాన్నల్ని, అత్తమామల్ని మా మీద నమ్మకంతో పంపించేవాళ్ళు ఆ కబురు ఎవరి ద్వారానో వినకూడదు, మేమే చెప్పాలి. ముందు మార్పులు చెప్పేస్తాం. వ్యాన్ల కాంట్రాక్టర్‌ని మార్చాం. హోటల్ గుమ్మం దగ్గర ఎక్కించుకునే పద్ధతి తీసేశాం. మనిషికి 12 డాలర్లు ధర పెంచాం. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళకి మాత్రం పాత ధరే.

మెక్సికోలో టూరిస్టుల్ని హైవే మీద తిప్పాలంటే ఫెడరల్ పర్మిట్, ఆ పర్మిట్ తాలూకు నంబర్ ప్లేటు, ప్రయాణికుల ఇన్సూరెన్స్ ఉన్న వాహనం కావాలి. అందుకే మాలాంటి చిన్న సంస్థలు డ్రైవర్‌తో సహా వ్యానుని కాంట్రాక్టర్ దగ్గరే తీసుకుంటాయి. చిచెన్ ఇట్జాకి రెండు దారులున్నాయి. ఒకటి 180డి టోల్ రోడ్డు. దాదాపు 200 కిలోమీటర్లు అడవి మధ్యలోంచి తిన్నగా పోతుంది, రెండున్నర గంటల్లో చేరిపోతాం. రెండోది పాత 180. టోల్ ఉండదు, కానీ ప్రతి ఊరూ తగులుతుంది. ప్రతి ఊళ్ళోనూ ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లు, చాలావాటికి రంగు కూడా వెలిసిపోయి దగ్గరికొచ్చేదాకా కనపడవు. ఆ దారిన గంటకి పైగా ఎక్కువ పడుతుంది. ఇక్కడ టోల్ ఖరీదు తక్కువేం కాదు. అందుకే వ్యాను అద్దెతో కలపకుండా టోల్ డబ్బు ప్రతి ట్రిప్‌కీ విడిగా లెక్కకట్టి ముందే ఇచ్చేవాళ్ళం.

ఆ వారం పెళ్ళి గ్రూపులవాళ్ళు రెట్టింపు ఇస్తామన్నారని, మాకు రాసిచ్చిన కొత్త వ్యాన్లు వాళ్ళకి పంపి మాకు పాతవి అంటగట్టాడు కాంట్రాక్టర్. వెనక రెండు వరసలకి ఏసీ గాలే రాలేదు. అంతటితో ఆగినా సర్దుకునేవాళ్ళం. ఆయన డ్రైవర్లు టోల్ రోడ్డే ఎక్కలేదు. మేమిచ్చిన డబ్బు జేబులో వేసుకుని పాత దారి పట్టారు. వెనక సీట్లో కూర్చున్న ఒకాయన ఫోన్లో మ్యాప్ తెరిచి, ‘ఇది మీరు చెప్పిన రోడ్డు కాదేమో’ అని మాకు స్క్రీన్‌షాట్ పంపేదాకా మాకు తెలియలేదు. మేం ఫోన్ చేసేసరికి వ్యాను ఒక చేతిపనుల దుకాణం ముందు ఆగి ఉంది, నలభై నిమిషాలుగా. పేరుని మాయా లిపిలో చెక్కే వెండి లాకెట్లు, అబ్సిడియన్ అనే నల్లటి గాజురాయి కత్తులు, మీ పుట్టినరోజు మాయా క్యాలెండర్‌లో ఎప్పుడు పడుతుందో బెరడు కాగితం మీద రాసిచ్చే సర్టిఫికెట్లు అమ్మే చోటు. అక్కడ మనుషుల్ని దింపినందుకు డ్రైవర్‌కి కమీషన్ ముడుతుంది. చౌక ట్రిప్పులన్నీ ఆ కమీషన్ల మీదే నడుస్తాయి. మా ట్రిప్‌లో దుకాణం స్టాప్ ఎప్పుడూ లేదు. లేదన్న మాట చూసే చాలామంది మా దగ్గరికి వస్తారు.

ఎనిమిదికి గేటు దగ్గర ఉండాల్సినవాళ్ళు చేరేసరికి పదిన్నర దాటింది. వాళ్ళందరికీ పూర్తి డబ్బు వెనక్కి ఇచ్చేశాం. కాంట్రాక్టర్ మాకు ఒక్క పెసో తిరిగివ్వలేదు. పైగా ఆయన అన్న మాట ఇది: ‘రెండు గంటలు ఆలస్యమైతే ఏమైంది? పిరమిడ్ ఎక్కడికైనా పోతుందా?’ డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఆ రెండు గంటల్లో ఏం పోతుందో తెలియకుండానే ఆయన ఇన్నాళ్ళూ మా వ్యాన్లు నడిపాడు.

గేటు తెరిచేది చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ రాష్ట్రం టైము ఉదయం 8కి. ఎండ సంగతి అందరికీ తెలిసిందే. మాయావాళ్ళ ఈకల పాము దేవుడు కుకుల్కాన్ పేరున్న పిరమిడ్ చుట్టూ ఉన్న మైదానంలో నిలబడటానికి నీడ లేదు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే మన రెంటచింతల ఎండే. అంతకన్నా ముఖ్యమైనది నిశ్శబ్దం. పిరమిడ్ ఉత్తరం వైపు, పాము తలలున్న మెట్ల ఎదురుగా కాస్త దూరంలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్టు కొడితే, తిరిగొచ్చేది చప్పట్టు కాదు, పిట్ట కూతలాంటి శబ్దం. కెట్జాల్ పక్షి అరుపులా ఉంటుందంటారు. శబ్దం ఒక్కో మెట్టునీ తాకి వెనక్కి వస్తుంది. కింది మెట్ల నుంచి ముందు, పై మెట్ల నుంచి ఆలస్యంగా. పైకి వెళ్ళేకొద్దీ ఒక ప్రతిధ్వనికీ తర్వాతిదానికీ మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి స్వరం సన్నగా మొదలై కిందికి జారుతుంది. ఎనిమిదింబావుకి ఇది స్పష్టంగా వినపడుతుంది. పదిన్నరకి అదే చోట పది గ్రూపులు ఒకేసారి చప్పట్లు కొడుతుంటాయి, దారి పొడుగునా అమ్మకందార్లు జాగ్వార్ అరుపు ఈలలు ఊదుతుంటారు. ఎవరి చప్పట్టుకి ఎవరి కూతో తెలియదు.

మాయావాళ్ళ బంతి ఆట మైదానమూ అంతే. 168 మీటర్ల పొడుగు, 70 మీటర్ల వెడల్పు. రెండు వైపులా గోడల అడుగున చెక్కిన పలకలున్నాయి. ఓడినవాడో గెలిచినవాడో గానీ, తల తెగిన ఆటగాడు మోకాలి మీద ఉంటాడు. మెడలోంచి నెత్తురు పాములై చిమ్ముతుంటుంది. ఉదయపు వెలుతురులో ఆ పాముల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. పలకలు కింద ఉండటం వల్ల ముందు ఒక గ్రూపు నిలబడిందంటే వెనకున్నవాళ్ళకి వీపులే కనిపిస్తాయి.

పిరమిడ్ ఎక్కనివ్వడం 2006లోనే ఆపేశారు. ఒక్కో వైపు 91 మెట్లు, నాలుగు వైపులా 364, పైనున్న అరుగుతో 365. కింద నుంచే లెక్కపెట్టుకోవాలి. ఎక్కలేని చోట చూడటం, వినడమే మిగులుతాయి. ఆ రెండూ మొదటి గంటన్నరలోనే బాగా కుదురుతాయి. అందుకే పదిన్నరకి చేర్చే ట్రిప్ మా పేరు మీద నడవదు. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా మేం మారం.

పికప్ గురించి చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. కాంకూన్ హోటల్ జోన్ ఇరవై కిలోమీటర్లకి పైగా సాగిన సన్నటి ఇసుక పట్టీ. అయిదు రిసార్టుల్లో మనుషుల్ని ఎక్కించుకోవాలంటే ఒక్కో గేటు దగ్గర వ్యాను నంబర్ రాయించుకోవాలి, లాబీలో ఎదురుచూడాలి, ఎవరో ఒకరు గదిలో టోపీ మర్చిపోయి వెనక్కి వెళ్తారు. గంటంబావు అక్కడే కరిగిపోతుంది. ఆ గంటంబావు పూడ్చుకోవడానికే డ్రైవర్లు హైవే మీద అతివేగంగా పోతారు. మా దగ్గరున్న దారులు మూడే. అందరినీ తెల్లవారుజామున నాలుగున్నరకి లేపడం, ఎనిమిది గంటల మాట వదులుకోవడం, గుమ్మం పికప్ తీసేయడం. పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకి గుమ్మం దగ్గర వ్యాను ఎంత ఊరటో మాకు తెలుసు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారిని చీకట్లో టాక్సీ ఎక్కించి పంపడానికి మనసొప్పలేదు. చివరికి ఇలా తేల్చాం: ఎక్కేచోట్లు రెండే. హోటల్ జోన్‌లో 5:40కి, డౌన్‌టౌన్ ఏడీఓ బస్‌స్టాండ్ దగ్గర 6:00కి. 65 దాటినవాళ్ళు ఉన్న కుటుంబానికి హోటల్ నుంచి అక్కడిదాకా టాక్సీ మేమే పంపిస్తాం, ఖర్చు మాది. పెరిగిన 12 డాలర్లలో కొంత ఇందుకే పోతుంది. 6:05కి వ్యాను కదులుతుంది. ఒక్కరి కోసం పదకొండు మందిని ఆపం.

ఈ సమయాలన్నీ కాంకూన్ టైము. కాంకూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం యుకతాన్ కంటే ఏడాది పొడుగునా గంట ముందుంటుంది. సరిహద్దు దాటగానే ఫోన్ తనంతట తానే గంట వెనక్కి పోతుంది. కాంకూన్ టైము 8:30కి గేటు చేరితే అక్కడ 7:30. రెండు టికెట్లు కొనాలి, ఒకటి రాష్ట్రానిది, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది. ఆ అరగంట క్యూకి సరిపోతుంది. రెండు టికెట్లూ మా ధరలోనే ఉన్నాయి. బయట సగం ధర చెప్పేవాళ్ళు టికెట్ల డబ్బు బస్సెక్కాక అడుగుతారు, పోల్చుకునేటప్పుడు అది కూడా చూడండి.

కొత్త వ్యాన్లు ఇద్దరు అన్నదమ్ములవి, వాళ్ళే నడుపుతారు. ఫెడరల్ పర్మిట్, ఇన్సూరెన్స్ కాగితాలు చూశాకే ఒప్పందం రాశాం. టోల్ రోడ్డు తప్ప వేరే దారి లేదు. టోల్ గేటు దగ్గర బాత్రూమ్ కోసం తప్ప ఆగకూడదు. దుకాణం ముందు ఆపితే ఆ రోజు అద్దె ఇవ్వం. టోల్ ట్యాగ్ ఇప్పుడు మా పేరు మీద ఉంది కాబట్టి ఏ గేటు ఎన్నింటికి దాటారో మాకు వెంటనే తెలుస్తుంది. ముందురోజు సాయంత్రం వెనక సీటు ఏసీ, పన్నెండు బెల్టులూ, స్టెప్నీ మేమే చూసుకుంటాం. పద్నాలుగు సీట్ల వ్యానులో పన్నెండు మందినే ఎక్కిస్తాం. మిగతా చోటు ఐస్‌బాక్సులకి, మడత వీల్‌చెయిర్‌కి. వీల్‌చెయిర్ పెద్ద దారుల్లో వెళ్తుంది, పవిత్ర సెనోటే (సున్నపురాయి నేల కుంగి ఏర్పడ్డ నీటి బావి) వైపు దారిలో మాత్రం గులకరాళ్ళకీ చెట్ల వేళ్ళకీ ఇబ్బంది పడుతుంది.

గైడ్ మారలేదు. లోపల తెలుగులోనే చెప్పించమని చాలామంది అడుగుతారు. గైడ్‌గా నడిపించాలంటే పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు లేనివాళ్ళు గ్రూపు ముందు నిలబడి చెబితే బయటికి పంపేస్తారు. కాబట్టి తెలుగు కథంతా వ్యానులో వెళ్తూ చెప్తాం, లోపల ఆయన ఇంగ్లీషులో చెప్తారు. ఆయన పక్కూరి మాయా మనిషి, ఇంట్లో మాట్లాడేది మాయా భాషే. ఆ ఆలస్యపు రోజుల్లో వేరే గ్రూపు పిలిచినా వెళ్ళకుండా గేటు దగ్గరే మనవాళ్ళ కోసం నిలబడ్డారు. ఆ రోజుల డబ్బు ఆయనకి పూర్తిగా ఇచ్చాం.

భోజనం పాత పద్ధతే: పులిహోర, దద్దోజనం, ఆవకాయ, పిస్తే ఊళ్ళో గైడ్ బంధువుల వాకిట్లో. బఫే ఎందుకు పెట్టరని అడిగే శాకాహారులకి ఒక్క మాట. ఇక్కడ బీన్స్ తరచూ పందికొవ్వుతో వండుతారు, అన్నం కోడి రసంలో ఉడికిస్తారు. చూస్తే తెలియదు. హబనేరో అనే ఘాటు మిర్చి పచ్చడి మన పచ్చిమిర్చి అనుకుని గరిటెతో వేసుకోకండి.

తర్వాత ఇక్ కిల్ సెనోటేలో ఈత. నీళ్ళు నేలమట్టానికి దాదాపు 26 మీటర్ల కిందుంటాయి, దిగే మెట్లు తడిగా జారతాయి. సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు, షవర్ చేసి లైఫ్ జాకెట్ వేసుకోవాలి. కాబట్టి ఎండకి పొడుగు చేతుల చొక్కా, టోపీ తెచ్చుకోండి. దారిలోని పాత పట్టణం వయ్యదోలిద్‌లో ఇదివరకు గంట ఆగేవాళ్ళం, ఇక నలభై నిమిషాలే. సాయంత్రం అయిదున్నరకల్లా కాంకూన్‌లో ఉంటారు.

పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20, 21 తేదీల్లో ట్రిప్ ఉండదు. పిరమిడ్ మెట్ల పక్క గోడ మీద పాములా పాకే నీడ దిగేది సాయంత్రం పూట, ఆ రోజు జనం వేలల్లో ఉంటారు. అదే నీడ ఆ తేదీలకి కొద్ది రోజులు ముందూ వెనకా కూడా పడుతుంది. నీడ చూడాలనే వచ్చేవాళ్ళకి ఆ వారంలో వేరే రోజు మధ్యాహ్నపు ట్రిప్ పెడతాం. అందులో చప్పట్టు కూత వినపడుతుందని మాటివ్వలేం.

బుక్ చేసుకున్నవాళ్ళు ఈ నెలాఖరులోపు ఎక్కే చోటు ఏదో, 65 దాటినవాళ్ళు ఎంతమందో, వీల్‌చెయిర్ కావాలో రాయండి. గుమ్మం పికప్ లేకపోతే కుదరదనుకునేవాళ్ళకి మొత్తం డబ్బు తిరిగి ఇస్తాం. క్రిస్మస్ వారంలో వచ్చినవాళ్ళు మళ్ళీ కాంకూన్ వస్తే ఎనిమిదికి గేటు దగ్గర నిలబెట్టే బాధ్యత మాది. వాళ్ళ దగ్గర వ్యాను డబ్బు తీసుకోం, లోపలి టికెట్లు మాత్రం కొనుక్కుంటే చాలు.