మెయిన్ స్విచ్ ఎక్కడుందో పిల్లలకు చూపించండి

సంపాదకులు గారికి,

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున బుడమేరు వాగు నీళ్లు విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చినప్పుడు, వాన నీళ్లేలే, మధ్యాహ్నానికి తీసేస్తాయి అనుకున్నాం. చూస్తుండగానే గడప దాటాయి. నేను బియ్యం డబ్బా అటకెక్కించే హడావుడిలో ఉంటే మూడో తరగతి చదివే మా పాప, నాకు సాయం చేద్దామనే, పిక్కల్లోతు నీళ్లలో నిలబడి ఫ్రిజ్ ప్లగ్ పీకబోయింది. నేను అరిచిన అరుపుకి చెయ్యి వెనక్కి తీసుకుంది కానీ తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

తమాషా ఏంటంటే, అంతకుముందు స్లిప్ టెస్టులో వరద జాగ్రత్తల ప్రశ్నకి దానికి ఐదుకి ఐదు వచ్చాయి. 'విద్యుత్ సరఫరాను నిలిపివేయవలెను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఆ వాక్యానికీ మా మెట్ల పక్క గోడకున్న మెయిన్ స్విచ్‌కీ సంబంధం ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, తప్పంతా బడి మీదకి నెట్టను. వాళ్ల నాన్న ఊళ్లో లేరు, మేడ మీద నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది, పక్కింటివాళ్లు వాళ్ల ఫోన్ ఇచ్చారు, తీరా చూస్తే ఆయన నంబరు పాపకీ నోటికి రాదు, నాకూ రాదు!

2004 డిసెంబరు 26న ఫుకెట్ బీచ్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండ్ అమ్మాయి సముద్రం నురగలు కక్కడం చూసి సునామీ వస్తోందని అమ్మానాన్నలతో గొడవపెట్టి చెప్పింది. బీచ్ ఖాళీ చేయించారు, అక్కడున్నవాళ్లు బతికారు. రెండు వారాల ముందే వాళ్ల మాస్టారు క్లాసులో సునామీ వీడియో చూపించారట. చూసింది కాబట్టే గుర్తుపట్టింది.

మా పాప బడిలోనూ మాక్ డ్రిల్ జరిగింది. ముందురోజే డైరీలో రాసి పంపారు, పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. వెనక గేటుకి మాత్రం తాళం అలాగే ఉంది. 2004లోనే తమిళనాడులోని కుంభకోణం అనే ఊళ్లో బడి అగ్నిప్రమాదంలో 94 మంది పసివాళ్లు పోయారు, ఆ తాళం చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

ఇలాంటివి నేర్పడానికి బడిలో నెలకో పీరియడ్ చాలు. ముందు చెప్పకుండా బెల్ కొట్టి బయటికి తీసుకురండి. ఇంట్లో మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటర్ ఎక్కడున్నాయో చూసి రమ్మని హోంవర్క్ ఇవ్వండి. వాళ్లు ముట్టుకోనక్కర్లేదు, పెద్దవాళ్లు మెయిన్ కట్టేసేదాకా నీళ్లలో దేన్నీ తాకకూడదని తెలిస్తే చాలు. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తే ఇంటి అడ్రసు, దగ్గర్లో గుడో బడో, ఎలా చెప్పాలో క్లాసులోనే ఆటలా ఆడించండి. చిన్నపిల్లలు భయపడతారని ఒక టీచరుగారు నాతో అన్నారు. మా పాపకి ఇప్పుడు మబ్బు పడితే చాలు టెన్షన్, కిటికీలోంచి వీధి చివరిదాకా చూసొస్తుంది. ఏం చెయ్యాలో మాత్రం ఇంకా నన్నే అడుగుతోంది.

- ఒక తల్లి, సింగ్‌నగర్, విజయవాడ